గాన్ యెమ్: వైజాగ్‌లో కూర్చుని న్యూకాసిల్ యాస పట్టుకోవడం

ఉత్తర ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌కి నర్సుగా వెళ్ళిన మూడో వారం. నైట్ డ్యూటీ. పదకొండో బెడ్డులో ఎనభై దాటిన తాతగారు నా చెయ్యి పట్టుకుని "గాన్ యెమ్, పెట్, గాన్ యెమ్" అంటున్నారు. నాకు ‘యెమ్’ ఒక్కటే వినిపించింది. సింహాచలం కొండ కింద పుట్టి పెరిగినదాన్ని, అర్ధరాత్రి ముసలాయన నోట ఆ మాట వింటే నాకెవరు గుర్తొస్తారు? దున్నపోతు మీద వచ్చే ఆయనే. కంగారుగా బీపీ చూశాను, పల్స్ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. హెల్త్‌కేర్ అసిస్టెంటుని పిలుచుకొస్తే ఆవిడ ఒక్క క్షణం విని, "హోమ్. ఇంటికెళ్తానంటున్నాడు" అని నవ్వేసి వెళ్ళిపోయింది. గాన్ అంటే వెళ్ళడం, యెమ్ అంటే హోమ్.

ఆ రోజుకి నా దగ్గర ఓఈటీ, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లిషు పరీక్ష, సర్టిఫికెట్ ఉంది, స్పీకింగులో బి గ్రేడు ఉంది. పరీక్షవాళ్ళకి నా ఇంగ్లిషు అర్థమయ్యింది. వార్డులో మాత్రం వాళ్ళ మాట నాకూ, నా మాట చెవులు సరిగ్గా వినపడని ఆ ముసలివాళ్ళకీ అర్థం కాలేదు. తొమ్మిదేళ్ళు అక్కడే పనిచేసి, అమ్మ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాక తిరిగొచ్చేశాను. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మా మేడ మీద గదిలో సాయంత్రాలు ఆరుగురు అమ్మాయిలకి అక్కడి యాస పాఠం చెబుతున్నాను. అందరూ నర్సులే, అందరూ వెళ్ళేది న్యూకాసిల్ చుట్టుపక్కలకే. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మీరు లివర్‌పూలో గ్లాస్గోనో వెళ్తుంటే శబ్దాలు మారతాయి గానీ నేర్చుకునే పద్ధతి ఇదే.

ముందు ఒక టెన్షన్ తీసేస్తాను. ఓఈటీ స్పీకింగులో చూసేవాటిలో, మీ పలుకు ఎదుటివాళ్ళకి అర్థమవుతోందా లేదా అన్నది ఒకటి. తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు కొయ్యరు, ఆ యాస వల్ల మాట అర్థం కాకపోతేనే కోస్తారు. అందుకని పరీక్ష దాటేదాకా ఈ గొడవలోకి రాకండి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి రెండూ పాడుచేసుకున్నవాళ్ళని చూశాను.

వెళ్ళేముందు నేను ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో మూడు నెలలు ‘న్యూట్రల్ యాక్సెంట్’ నేర్చుకున్నాను. ‘మేక్’ అనకూడదు ‘మెయిక్’ అనాలి, ‘గో’ అనకూడదు ‘గొవ్’ అనాలి అని అద్దం ముందు నిలబెట్టి దవడలు నొప్పెట్టేదాకా చేయించారు. తీరా వెళ్ళి చూస్తే, నేను ఫీజు కట్టి మరీ వదిలించుకున్న ఆ ఏ, ఓలతోనే అక్కడ ఊరంతా మాట్లాడుకుంటోంది. ఆ కడుపుమంట నాకింకా చల్లారలేదు.

చెవి పని

మా దగ్గర మొదటి వారం ఇంగ్లిషు ఉండదు. అమ్మాయిల్ని పొద్దున్నే ఎంవీపీ రైతుబజారుకి పంపిస్తాను. కూరలు కొనక్కర్లేదు. ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి వచ్చి అమ్ముకునే ఆడవాళ్ళ దగ్గర ఓ అరగంట నిలబడి, వాళ్ళ తెలుగు ఎలా ఉందో రాసుకుని రమ్మంటాను. మొదటిరోజు అందరూ ‘ఏటి’, ‘బేగి’, ‘అలగ’ అని రాసుకొస్తారు. అవి మాటలు. యాస కావాలంటే వాక్యం చివర ఏ అక్షరం సాగిందో, దేన్ని మింగేశారో, గొంతు పైకెళ్ళి ఆగిందో కిందకి దిగి ఆగిందో రాయాలి. "ఏటలగున్నావు?" అన్నప్పుడు ఎక్కడ పైకి లేచింది? నవ్వుతూ అన్నప్పుడూ, కోపంగా అన్నప్పుడూ అది ఒకేచోట లేస్తోందా?

ఇందులో ఒక తమాషా ఉంది. నరసరావుపేట నుంచి వచ్చిన అమ్మాయి మూడు పేజీలు నింపుకుని వచ్చింది. ఆనందపురం అమ్మాయి తెల్లకాగితంతో వచ్చింది. "రాయడానికేముందక్కా, మామూలుగానే మాట్లాడుకుంటన్నారు" అంది. మన యాస మనకి వినపడదు. ఇది తెలియడానికే ఆ వారమంతా. మనకి యాస ఉందనీ, అది ఫలానా చోట ఫలానాలా ఉందనీ వినిపించినవాళ్ళకే రెండో యాస దొరుకుతుంది.

మన శ్రీకాకుళం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన సవర భాష నేర్చుకోవడానికి, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. పుస్తకం చూసి నేర్చుకుందామన్నా అప్పటికి దానికి పుస్తకం లేదు. మీరూ అలాగే ఒక మనిషిని పట్టుకోండి. ఒక్కరినే. ఇవాళ యూట్యూబ్‌లో ఒకరు, రేపు సీరియల్‌లో ఇంకొకరు అని తిరిగితే కిచిడీ యాస వస్తుంది. నేను పట్టుకున్నది మా వార్డులో టీ బండి తోసే ఆవిడని. మీకు ఇక్కడి నుంచి ఆ అదృష్టం లేదు కాబట్టి, న్యూకాసిల్ యూనివర్సిటీ వాళ్ళ రికార్డింగులు వెతకండి. 1960ల చివర నుంచి ఆ ప్రాంతం మనుషులతో మాట్లాడించి రికార్డు చేసిన సంభాషణలని వాళ్ళు ఒకచోట చేర్చి, ‘టాక్ ఆఫ్ ది టూన్’ అని మామూలు జనం కోసం కూడా పెట్టారు. టూన్ అంటే టౌన్, అంటే న్యూకాసిల్. మనం ఎక్కడున్నా వైజాగ్‌ని ‘ఊరు’ అనుకున్నట్టు.

ఒక గొంతు ఎంచుకున్నాక ఇరవై సెకన్ల ముక్క తీసుకోండి, అంతకన్నా ఎక్కువ వద్దు. పదిసార్లు వినండి, నోరు తెరవకుండా. పదకొండోసారి నోరు మూసుకునే "ఊఁ... ఊఁఊఁ" అని రాగం మాత్రం తియ్యండి, పాట పల్లవి మర్చిపోయినవాళ్ళు తీసినట్టు. ఆ రాగం కుదిరాకే మాటలు. మా అమ్మాయిలు మేడ మీద ఆరుగురూ కలిసి ఇలా మూలుగుతుంటే పక్కింటి ఆంటీ ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుని పైకి వచ్చేసింది.

నోటి పని

మన నోరు లండన్‌కి దూరం, న్యూకాసిల్‌కి దగ్గర. ఈ మాట నేను ఎవరి దగ్గరైనా అంటాను. మన ఏ, ఓలు నిటారుగా నిలబడే దీర్ఘాలు, మధ్యలో జారవు. అక్కడ చాలామందికీ అంతే. "డోన్ట్ గో హోమ్ ఎలోన్, వేట్" అని అచ్చతెలుగు ఓ, ఏలతో పలకండి. సగం పని అయిపోయింది. ‘వెయిట్’ అనకండి, ‘వేట్’ అనండి. వేటపాలెంలో వేట. ఇన్నాళ్ళూ మొహమాటపడుతూ పలికిన శబ్దాన్నే ఇప్పుడు ధైర్యంగా పలకడం, అంతే.

తర్వాతది ఉ. కప్, బస్, బ్లడ్, లంగ్స్, స్టమక్ లాంటి మాటల్లో మనం అ పలుకుతాం. ఉత్తర ఇంగ్లండ్ అంతటా అక్కడ ఉ వినిపిస్తుంది. కుప్, బుస్, బ్లుడ్, లుంగ్స్, స్టుమక్. బస్సు పాములా బుస కొడుతుందన్నమాట. ఇది నేర్చుకోవడం తేలిక, అలవాటు చేసుకోవడం కష్టం, ఎందుకంటే నవ్వొస్తుంది. సోమవారాన్ని ఇంగ్లిషులో వాళ్ళలా పలికితే మా అమ్మ చీపురు తీస్తుంది. ఎందుకో రాయను, మీరే పలికి చూసుకోండి. రెండు రోజులు నవ్వుకుని, మూడో రోజు నుంచి ప్రాక్టీసు చేయండి.

బాత్, గ్లాస్ లాంటి మాటల్లో దక్షిణ ఇంగ్లండ్‌వాళ్ళు ఆ అని సాగదీస్తారు, వీళ్ళు సాగదీయరు. ఊరి పేరులోనే ఉంది పరీక్ష. బయటివాళ్ళు ‘న్యూ’ మీద ఊని, ‘కాసిల్’ని సాగదీస్తారు. ఊరివాళ్ళు ‘క్యా’ని పొట్టిగా, గట్టిగా కొడతారు: న్యు‘క్యా’సిల్. విశాఖపట్నం అన్నవాణ్ణీ ఇశాపట్నం అన్నవాణ్ణీ మనం వినగానే విడదీస్తాం కదా, వాళ్ళూ అలాగే.

ఇక నాకు బాగా ఇష్టమైనది మాట చివర. మనం ‘డాక్టరు’, ‘వాటరు’, ‘బటరు’ అని చివర రు తగిలిస్తాం. అది తీసేసి, నోరు తెరిచి అ అని వదిలేయండి. డాక్ట. బెట. వాటర్ ‘వాటా’లాగే వినిపిస్తుంది, బటర్ దాదాపు ‘బుట్ట’. మొదటి నెలలో ఒకావిడ నన్ను బుట్ట అడిగితే, పక్కనున్న వాంతుల గిన్నె తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ చేతిలో బ్రెడ్డు ముక్క ఉంది. చూడాల్సింది నేను, చూడలేదు.

వాళ్ళు చెప్పుకునే పాత జోకు ఒకటుంది. గని కార్మికుడికి కాలు దెబ్బ తగిలితే, వేరే ప్రాంతం డాక్టరు కట్టు కట్టి "ఇప్పుడు వాక్ చెయ్యగలవా?" అని అడిగాడు. ఆయన పలుకులో వాక్ అనేది ‘వోక్’లా గుండ్రంగా వచ్చింది. న్యూకాసిల్ పాత యాసలో ‘వర్క్’ని అలా అంటారు. "పనా? నేను నడవలేకపోతున్నానయ్యా!" అన్నాడు వాడు. మరి వాడి నోట్లో నడక ఏమిటంటే, వాక్. ‘ఆ’తో. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసి నడిచేవాళ్ళకి వదిలేస్తారే, అక్కడ మనవాళ్ళు చేసే ‘మార్నింగ్ వాక్’ ఉందే, అచ్చంగా అదే. టాక్ కూడా అంతే. పెద్దవాళ్ళ నోట ఇది విన్నప్పుడు నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను.

హల్లుల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇవి ఏ యాసకైనా కావాలి. నాలుక ట కోసం వెనక్కి మడతపడకూడదు, త కోసం పళ్ళకి తగలకూడదు, మధ్యలో చిగురు దగ్గర ఆగాలి. ‘వెయిన్’కి పై పళ్ళు కింది పెదవికి తగలాలి, ‘వార్డ్’కి పెదవులు సున్నా చుట్టాలి, మనం రెండింటికీ ఒకే వ వాడతాం. ‘బెడ్డు’, ‘కప్పు’ అని చివర ఉ తగిలించకండి. అక్కడివాళ్ళు ప, ట, క లని గొంతులో నొక్కేసి పలికే తీరు ఒకటుంది, దాని జోలికి పోకండి. అది రాకపోతే ఎవరికీ లోటు కాదు, తప్పుగా వస్తే వెక్కిళ్ళు వచ్చినట్టుంటుంది.

రాగం దగ్గర మాత్రం ఆగాలి. అక్కడ మామూలు వాక్యం కూడా చివర పైకి లేచి ఆగుతుంది. మనకది ప్రశ్న. "నేను టీ తీసుకున్నాను" అని ఒక పేషెంటు చెబితే, "తీసుకున్నానా?" అని నన్ను అడుగుతున్నాడనుకుని "యెస్, యెస్" అనేదాన్ని. వారంరోజులు అలా అందరికీ అవునంటూ తిరిగాను. ఇంకో చిక్కు, అక్కడ చాలామందికి టీ అంటే సాయంత్రం భోజనం, డిన్నర్ అంటే మధ్యాహ్న భోజనం. ‘టీకి ముందు ఇన్సులిన్’ అని డ్యూటీ మారేటప్పటి హ్యాండోవర్‌లో వింటే, కప్పు టీ అనుకోకండి. అనుమానమొస్తే టైమ్ ఎంతో అడగండి. యాస నేర్చుకునేది ఇలాంటి చోట తప్పు జరక్కుండా ఉండటానికే.

రాగాన్ని అనుకరించడానికి నేను చెప్పే చిట్కా ఒకటే. మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి కబురు చెప్పేటప్పుడు చివరి అచ్చుని కొంచెం ఎత్తి వదులుతారు కదా, అది గుర్తు చేసుకుని, అంతకన్నా సగమే ఎత్తండి. పూర్తిగా ఎత్తితే నాటకం అయిపోతుంది.

మాటలు: వినేవి, అనేవి

రెండు కాలమ్‌లు గీసి రాసుకోండి. వినాల్సినవి బోలెడు, అనాల్సినవి నాలుగైదే. "అయామ్ బ్యాడ్" అంటే చెడ్డవాణ్ణని కాదు, ఒంట్లో బాగోలేదని. నెట్టీ అంటే బాత్రూమ్, ఈ ఒక్కటీ తెలియకపోతే పక్క మార్చాల్సి వస్తుంది. హీడ్ అంటే తల, లుగ్ అంటే చెవి, ఫెమ్మ అంటే నీరసంగా, పీలగా ఉండటం. బేర్న్ అంటే పిల్ల. నౌట్ అంటే ఏమీ లేదు, ఔట్ అంటే ఏదైనా. "ఔట్ కావాలా?" అని పక్కబెడ్డు ఆయన్ని వాళ్ళావిడ అడిగితే, ఆయన్ని బయటికి తీసుకెళ్ళమంటోందని నేను వీల్‌చైర్ తెచ్చాను. పాపం ఆవిడ బిస్కెట్ కోసం అడిగింది. డివ్వెంట్ అంటే డోన్ట్. దమ్ర్రా లాంటిదేదో వినిపిస్తే అది ‘ది మొర్రా’, రేపు అని.

కొన్ని మనకి పుట్టుకతో వచ్చినవే. పేషెంటు ఒక్కడే ఉండి "గివ్ అస్ మీ టాబ్లెట్స్" అంటాడు, నాకివ్వు అని. ‘వోర్ మామ్’ అంటే మా అమ్మ. బడిలో నేర్పిన ఇంగ్లిషులో ‘మై మదర్’ అనాలి, మనకేమో ‘నా అమ్మ’ అనడానికి నోరు రాదు. ఆ ‘మా’ అక్కడ దొరికింది. యెమ్ సంగతి సరేసరి. ఎమ్మెల్యేని యమ్మెల్యే అనే నోరు మనది. ఎ ముందు యకారం పెడతామని నన్ను కోచింగులో ఎంత వెక్కిరించారో.

అనే కాలమ్‌లో నేను రాయించేవి ఇవి: అవునన్నప్పుడు ‘ఐ’, బాగుంది అనడానికి ‘క్యానీ’, థాంక్స్‌కి ‘టా’. ‘పెట్’ అని వాళ్ళు మనల్ని పిలుస్తారు, ముద్దుగా, అమ్మలూ అన్నట్టు. మనం పేషెంట్లని అలా పిలవచ్చా అంటే, మొదట వాళ్ళని ఎలా పిలవాలో అడగండి, పేరుతోనా, మిస్టర్ అనా అని. అడిగి రాసుకోవడం అక్కడ పద్ధతి. నేను ఆర్నెల్లకి ధైర్యం తెచ్చుకుని, వార్డు సిస్టర్‌ని ‘హిన్నీ’ అన్నాను. బంగారూ అని దాని అర్థం. హెడ్ నర్సుని బంగారూ అంటే మన వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఏమవుతుందో అక్కడా అదే అయ్యింది, కాకపోతే వాళ్ళు నవ్వారు. ‘వై ఐ మ్యాన్’ (అవును మరి అని) లాంటి, బోర్డుల మీద రాసుకునే మాటలు అసలు ముట్టుకోకండి. మన సినిమాల్లో పక్క జిల్లా నటుడు మన యాస కట్టి, నాలుగు ‘ఏటి’లు వేసి నవ్వించబోతే మనకెలా ఉంటుంది? అచ్చులూ రాగమూ తీసుకుంటే దగ్గరతనం. మాటలు తీసి తగిలించుకుంటే వేళాకోళం. ఇది నా అభిప్రాయం, మా అమ్మాయిల్లో ఇద్దరు ఒప్పుకోరు.

ఇంకొకటి, పొరుగూళ్ళు జాగ్రత్త. న్యూకాసిల్‌కి సందర్లాండ్ దాదాపు 20 కిలోమీటర్లు. మనకి వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గాజువాక దాటి కాస్త ముందుకెళ్తే ఎంతో అంత. న్యూకాసిల్‌వాళ్ళు జోర్డీలు, సందర్లాండ్‌వాళ్ళు మ్యాకెమ్‌లు. యాసలు దగ్గర, ఫుట్‌బాల్ దగ్గర మాత్రం పాము, ముంగిస. ఒకరిని పట్టుకుని రెండోవారా అని అడిగితే, ఆ పూట మీ చేత ఇంజెక్షన్ చేయించుకోరు.

రోజుకి ఎంతసేపు అంటే ఇరవై నిమిషాలు చాలు. కానీ ప్రతిరోజూ ఫోన్లో రికార్డు చేసి, తేదీ వేసి దాచుకోండి. మా అమ్మాయిలు వార్డులో నిజంగా అనే పది వాక్యాలు రాసుకుని వాటినే నెలంతా చదువుతారు. "నొప్పి ఎక్కడుంది, టాబ్లెట్ వేసుకున్నారా, మెల్లగా లేవండి, నేను పట్టుకుంటాను." నెల తర్వాత మొదటిరోజుది, చివరిరోజుది పక్కపక్కన వినిపిస్తాను. వేగం తగ్గితేనే మార్కులు, యాస ఎంత బాగా వచ్చినా గబగబా మాట్లాడితే చెవుడున్న పేషెంటుకి అది తెలుగుతో సమానం.

ఆనందపురం అమ్మాయి కిందటేడాది వెళ్ళింది. తెల్లకాగితం అమ్మాయే. వెళ్ళిన నాలుగో నెలలో రాత్రి పూట వాయిస్ మెసేజ్ పెట్టింది. "అక్కా, ఇవాళ ఒక పేషెంటు నన్ను చూసి, ఎన్నాళ్ళనుంచి ఇక్కడున్నావు, సందర్లాండా మీది, అన్నాడు. సంబరపడాలా, ఏడవాలా?" అని. వెంటనే ఫోన్ చేశాను. "ఆయన ముందు ఏం మాట్లాడావో అదంతా మళ్ళీ రికార్డు చేసి పంపించు, ఏదో ఒక అచ్చు తేడా కొట్టింది" అన్నాను.